అడుగు వాసన

పురసవాక్కంలో మా బట్టల షాపు మొదటి అంతస్తులో నాగలింగం కౌంటరూ నా కౌంటరూ పక్కపక్కనే ఉండేవి. నాది పెన్నులు, డైరీలు, గ్రీటింగ్ కార్డులు. కార్డులు కొనే అలవాటు జనానికి పోయాక నాకు చదువుకోవడానికి బోలెడు తీరిక దొరికింది. అతనిది సెంట్లు, అందులోనూ మగవాళ్ళవి. పుస్తకంలో తల దూర్చి కూర్చున్నా చెవులు మూసుకోలేం కదా. అతను బేరం చేసే తీరు వింటూనే నా ఉద్యోగంలో సగం గడిచిపోయింది.

వ్యాసర్పాడిలో రైల్వే యార్డు కూలీ కొడుకు నాగలింగం. మీసాలు రాకముందే మా షాపులో కోరా గుడ్డలు మడత పెట్టడానికి చేరాడు. తర్వాత చాలా ఏళ్ళకి యజమాని కొడుకు ముఖేష్ కాలేజీ ముగించి వచ్చి, సెంట్ల కౌంటర్ ఒకటి పెట్టాలని పట్టుబట్టాడు. అక్కడ నిలబడటానికి మగవాళ్ళెవరూ ఒప్పుకోలేదు. పూలు అమ్మినట్టు ఉంటుందని నవ్వారు. నాగలింగం ఒక్కడే ముందుకొచ్చాడు. అప్పట్నుంచి అతను సెంటు నాగలింగం. వ్యాసర్పాడిలో వాళ్ళ సందులోకి వెళ్ళి సెంటాయన ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపించేవాళ్ళు. బట్టల కట్టలు మోసి మోసి మోకాళ్ళు అరిగిన మనిషికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గాజు బల్ల వెనక నిలబడే ఉద్యోగం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అతనికి ప్రాణమైనది కర్వేలి వరస. ఎవరో ఇటలీ బట్టల డిజైనరట, ఆయన పేరు మీద ఐదు సీసాలు. ఐదూ ఒకే పలకల గాజు, రంగులే వేరు. వాటిని అతను పోల్చి చెప్పేటప్పుడు నేను పుస్తకం మూసేసేవాణ్ణి.

ఒకసారి కార్తీ అని ఒక కుర్రాడు, తనకు కాబోయే భార్య సరణ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరివీ తెలుగిళ్ళే, కానీ వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది తమిళం.

"డూప్లికేట్ వద్దు అంకుల్. ఒరిజినల్ ఇవ్వండి," అన్నాడు కార్తీ.

"ఐదూ ఒరిజినలే తంబీ. ఒరిజినల్ అని పేరు పెట్టింది మాత్రం ఒకదానికే," అన్నాడు నాగలింగం. "ఇట్లా రా. వీళ్ళు ఐదుగురు అన్నదమ్ములు. మొగం ఒకే మాదిరి, గుణాలు వేరే. ఈ ఒరిజినల్ పెద్దోడు. నిమ్మతొక్క, మిరియం. బ్యాంకు ఉద్యోగస్తుడు అనుకో. పొద్దున పూసుకుంటే సాయంత్రం టిఫిన్ దాకా నీతోనే ఉంటాడు, ఎవురితోనూ కొట్లాడడు. రెండోవాడు ఇంటెన్స్. నిమ్మ తగ్గించి ఏలక్కాయ ఎక్కించినారు. కల్యాణ మండపంలో ఈ మూల నువ్వు నిలబడితే ఆ మూలకు తెలుస్తాది. మా చిన్నయ్య ముఖేష్ పూసుకునేది ఇదే. మూడోవాడు స్పోర్ట్, పుదీనా. వాడు కాలేజీ పిల్లోడు, అరగంట ఎగిరి పడుకుంటాడు."

"ఈ నల్లదేంటి? నాయరా?" అని సరణ్య పెట్టె మీది అక్షరాలు కూడబలుక్కుంది.

"నువార్ అనాలంట. మా వాళ్ళంతా నాయర్ అనే అంటారు," అన్నాడు నాగలింగం. "టీ కొట్టు పెట్టే మలయాళీ నాయర్ కాదులేమ్మా. కానీ తోలు, పొగ, చిక్కని డికాషన్ వాసన ఉండాది కదా, పేరు తప్పు కూడా కాదు. ఇక ఇది కొలోన్, కడగొట్టోడు. నారింజ పువ్వు, నీళ్ళు. తానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నట్టు ఉంటాది. మన ఊరి ఎండకు వీడే కరెక్టు."

సరణ్య కాగితం ముక్కలు ఐదూ వరసగా వాసన చూసి, "అన్నీ ఒకటిగానే ఉన్నాయే," అంది.

నాగలింగం చిన్న గిన్నెలో పోసి ఉంచిన కాఫీ గింజలు ఆమె ముందుకు జరిపాడు. "ముక్కు అలిసిపోయింది. ఇది చూసి మళ్ళీ చూడు. తొందరేముండాది, మొగుణ్ణే ఎంచుకున్నదానివి, సెంటు ఎంచుకోలేవా?"

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఇంటెన్స్ కొన్నారు.

పెద్దాయనకు ఈ గొడవేమీ పట్టదు. రంగనాథం గారి ముక్కు ఎప్పుడో ముక్కుపొడికి అంకితమైపోయింది. రోజూ ఒకసారి మొదటి అంతస్తుకు వచ్చి, నాగలింగం చాచిన కాగితాన్ని మర్యాదకు వాసన చూసి, "నాకు అన్నీ ఒకే మాదిరి ఉండాయి నాగలింగం. నువ్వు బాగుందంటే బాగుండేదే," అని, రెండు వేళ్ళతో పొడి పట్టించి వెళ్ళేవాడు. ఆయన దగ్గరకొస్తే ముక్కుపొడి ఘాటూ, కోరా గుడ్డల గంజి వాసనా కలిసి వచ్చేవి. కళ్ళు మూసుకున్నా ముదలాళి వచ్చాడని తెలిసేది. ముదలాళి అంటే యజమాని. మా షాపులో తెలుగువాళ్ళం కూడా ఆ మాటే వాడేవాళ్ళం.

ఆయన మే నెల కత్తిరి ఎండల్లో పోయాడు. వేకువన టాయిలెట్లో పడిపోయాడట, ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది. షాపు మూసి మేమందరం వెళ్లాల వీధిలో ఉన్న ఆయన ఇంటికి చేరాం. నెల్లూరు నుంచి ఆయన అక్కగారు రావాలి, ఆమె వచ్చేదాకా ఉంచాలి. అద్దెకు చెప్పిన ఐస్ పెట్టె ఇంకోచోట చిక్కుకుపోయి సమయానికి రాలేదు. పైగా కరెంటు పోయింది. హాలునిండా జనం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు పాత ఇళ్ళలో ఓడికొలాం అని ఒక సీసా బీరువాలో ఎప్పుడూ ఉండేది. మందుల షాపులో దొరికే చవక సరుకే. ఇంట్లో ఎవరికన్నా జ్వరం వస్తే గుడ్డ తడిపి నుదుటి మీద వేసేవాళ్ళు. ఎవరన్నా పోతే శవం మీద చల్లేవాళ్ళు. ఆ రెండు పనులకు తప్ప ఆ సీసా మూత తీసేవాళ్ళు కాదు. అది ఓ ద కొలోన్ అనే మాటకు వచ్చిన తిప్పలని పుస్తకాలు చదివిన నాలాంటి వాడికి తెలుసు గానీ, ఆ ఇంటి పెద్దలకు తెలిసింది ఓడికొలామే.

హాల్లోంచి ఎవరో ముసలాయన, "ఓడికొలాం తెప్పించండబ్బా, ఈ ఎండకు తట్టుకోదు," అని అరిచాడు. ముఖేష్ ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో నాగలింగం వైపు తిరిగి, "కొలోన్ కావాలంట నాగలింగం. పోయి తీసుకురా," అన్నాడు.

వీధి చివర మందుల షాపు తెరిచే ఉంది. నాగలింగం దాన్ని దాటుకుని మా షాపుకు పోయాడు. కాపలావాడితో షట్టర్ తీయించి, గాజు బల్ల వెనక నుంచి కర్వేలి కొలోన్ పెద్ద సీసా తెచ్చాడు. ముఖేష్ కొలోన్ అన్నాడు, అతనికి కొలోన్ అంటే అదే. ముదలాళికి మందుల షాపు నీళ్ళు ఎందుకు చల్లుతాం అనుకున్నాడేమో కూడా. తానే మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దాయన పంచె మీద, ఛాతీ మీద, మెడలో మాలల మీద, తల కింద దిండు మీద సీసా అంతా ఖాళీ చేశాడు. హాలంతా నారింజతోట అయిపోయింది.

"ఏం వాసనబ్బా! రాజా మాదిరి పోతా ఉండాడు," అన్నారెవరో.

నాగలింగం కళ్ళు తుడుచుకుంటూ నా పక్కన వచ్చి నిలబడ్డాడు. "నా చేత్తో ఒక్కటన్నా చేసినా అన్నా," అన్నాడు.

ఐస్ పెట్టె వచ్చి, అక్కగారు వచ్చి, సాయంత్రం పాడె కదిలేదాకా మేమందరం ఆ వాసనలోనే కూర్చున్నాం. పురసవాక్కం, చూళై, ఏడుకిణరు, మింట్ వీధి, ఎక్కడెక్కడి వ్యాపారస్తులూ వచ్చి పోయారు. అందరూ మా షాపు ఖాతాదారులే.

కార్యాలన్నీ అయ్యాక షాపు తెరిచాం. మొదట తేడా కనిపెట్టింది నేనే అనుకుంటాను. తిరువేంగడం చెట్టిగారు వచ్చాడు, టోకు పసుపు వ్యాపారం ఆయనది, ప్రతి మనవడి పెళ్ళికీ నాగలింగం దగ్గరే కొంటాడు. నాగలింగం మామూలుగానే అన్నదమ్ముల కథ మొదలెట్టి కొలోన్ కాగితం అందించాడు. ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహంలో ఏదో మారింది. కాగితాన్ని బల్ల మీద బోర్లించినట్టు పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఇంకోసారి వస్తాలే నాగలింగం."

"ఇది వద్దంటే పెద్దోణ్ణి చూడండి చెట్టిగారూ..."

ఒరిజినల్ వాసన చూశాడు. దాన్ని కూడా అట్లాగే పెట్టేశాడు. "లేదులేప్పా. ఇప్పుడు వద్దు." మెట్లు దిగేటప్పుడు వెనక్కు కూడా చూడలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా అంతే. కాగితం ఎత్తడం, ఒక్క క్షణం ఆగడం, దించేయడం. ఎందుకో ఎవరూ చెప్పరు. కొందరికి ఎందుకో తెలియదు కూడా, మనసు బాగోలేదని వెళ్ళిపోయేవాళ్ళు. నాగలింగం సీసాలు పాడయ్యాయేమో అని కొత్తవి తెరిచాడు. ఏసీ నుంచి దూరంగా జరిపాడు. కాఫీ గింజలు మార్చాడు.

ఆఖరికి మొదటి అంతస్తు ఊడ్చే పొన్నుతాయి చెప్పింది. ఆమె చీపురు ఆ కౌంటర్ దగ్గరకొచ్చేసరికి పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటోంది. నాగలింగం అది చూసి, "ఏమ్మా, నీక్కూడా నా సెంటు చేదైందా?" అన్నాడు.

"తప్పుగా అనుకోవద్దు సామీ," అంది పొన్నుతాయి. "అది పెద్ద ముదలాళి సావు వాసన. దాన్ని ఎట్టా పూసుకుంటారు? వీధిలో అందరూ రంగనాథం సెంటు అంటా ఉంటే నీకు వినపడలేదా?"

నాగలింగం నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "కొలోన్ ఒక్కటే కదమ్మా చల్లింది. మిగిలిన నలుగురూ ఏం పాపం చేసినారు?"

"ఏమో సామీ. నాకు అన్నిట్లోనూ అదే కొడతా ఉండాది."

ఆమె వెళ్ళాక అతను ఐదు కాగితాల మీద ఐదూ చల్లి, నా బల్ల మీద నా పుస్తకం పక్కన పరిచాడు. "దా అన్నా, నువ్వు కూడా చూడు," అన్నాడు. కాసేపు ఆగి వాసన చూశాం, భోజనం చేసొచ్చి మళ్ళీ చూశాం. మధ్యాహ్నానికి నిమ్మ పోయింది, పుదీనా పోయింది, నారింజ పువ్వు ఎప్పుడో పోయింది. సాయంత్రం అయ్యేసరికి ఐదు కాగితాల మీదా ఒకటే మిగిలింది. తడి వట్టివేరు, దాని వెనక కొంచెం తోలు. నల్లదాంట్లో ఎక్కువ, కొలోన్‌లో తక్కువ, అంతే తేడా. పాడె లేచే వేళకు హాల్లో నేను పీల్చింది అదే.

"ఒకే ఇంటి పిల్లలని నేనే కదా చెప్పినా," అన్నాడు నాగలింగం. "పైన వేరే వేరే. అడుగున ఒకటే పెట్టి చేసినారు. ఇన్నాళ్ళూ పైది చూపించే అమ్మినా అన్నా."

ముఖేష్ మొదటి అంతస్తుకు రావడం మానేశాడు. ఆఫీసు గదికి వెనక మెట్ల మీదుగా పోయేవాడు. ఒకరోజు కబురు చేసి మా ఇద్దర్నీ పిలిచాడు. ఆ చోటులో ఫోను కవర్ల కౌంటర్ పెట్టిస్తానని, కర్వేలి సరుకు వాపసు పంపేస్తానని చెప్పాడు. నాగలింగం గురించి ఏమీ అనలేదు. ఫోను కవర్లు అమ్మడానికి యాభై దాటినవాణ్ణి ఎవరూ నిలబెట్టరని ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

"చిన్నయ్యా," అన్నాడు నాగలింగం, "ఈ కౌంటర్ పెట్టమన్నది నువ్వే కదా. జనం మరిచిపోతారు. ఆషాఢంలో ఆడి సేల్ దాకా చూద్దాం. ఊళ్ళోకి కొత్తోళ్ళు వస్తా ఉండారు, ఆ కుర్రోళ్ళకు ఈ సంగతులేం తెలుసు?"

"జనం కోసం కాదు నాగలింగం." ముఖేష్ బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పుతూ ఉన్నాడు. "నేను ఇంటెన్స్ పూసుకుని ఇంటికి పోతే అమ్మ నా పక్కన కూర్చోవడంలేదు. కంచం పెట్టి లోపలికి పోతుంది. నేను మానేసినా. చొక్కాలు ఎన్ని ఉతికించినా ఆమెకు తగుల్తానే ఉంది. షాపునుంచి అంటుకుని వస్తోందంట."

"అమ్మ తీసేయమని చెప్పిందా?"

"అమ్మ ఏమీ చెప్పదు. అదే కదా కష్టం."

"అమ్మ ఉండనీ అంటే ఉంచుతావా?"

ముఖేష్ పేపర్‌వెయిట్ పక్కన పెట్టాడు. "ఆమె అంటే, సరి. ఉంచుతా."

మర్నాడే నాగలింగం వాళ్ళింటికి బయల్దేరాడు. "నువ్వు కూడా రా అన్నా, నాకు మాట తడబడతాది," అని నన్ను లాక్కుపోయాడు. దోవంతా తను చెప్పబోయేది వల్లె వేస్తూనే ఉన్నాడు. ముందు కాళ్ళ మీద పడతాడు. తెలియక చేసినానంటాడు. ఓడికొలాం కథ తెలియనివాడు కాదు, ఆ హడావుడిలో మతికి రాలేదంటాడు. శవం మీద చల్లింది కడగొట్టోణ్ణి ఒక్కణ్ణే, మిగిలిన నలుగుర్నీ వాసన చూపించి వాళ్ళకు సంబంధం లేదని ఒప్పిస్తాడు. నేను అడుగు వాసన సంగతి గుర్తుచేశాను. "పై వాసన ఉన్నప్పుడే చూపించి మూత పెట్టేస్తా," అన్నాడు.

ముఖేష్ అమ్మ కమలాంబ గారు వంటింటి గడప దగ్గర పీట వేసుకుని చింతపండు ఈనెలు తీస్తోంది. బొట్టు లేని నుదురు చూడలేక నేను పక్కకు చూశాను. నాగలింగం కాళ్ళకు దణ్ణం పెట్టబోతే ఆమె కాళ్ళు వెనక్కు తీసుకుంది.

"లెయ్యి నాగలింగం. ఏందిది, కొత్తగా? ఏం పని మీద వచ్చినావు?"

అతను వల్లె వేసిందంతా మరిచిపోయి, నేరుగా కౌంటర్ సంగతిలోకి దిగాడు. ముఖేష్ తీసేస్తానంటున్నాడని, అది పోతే తన పని అయిపోయినట్టేనని, అమ్మ ఒక్క మాట అంటే నిలబడుతుందని. చెబుతూ చెబుతూనే సంచీలోంచి ఒరిజినల్ సీసా తీసి కాగితం మీద చల్లి ఆమెకు అందించాడు.

ఆమె చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుని, కాగితం అందుకుంది. వాసన చూసింది. "ఇది కాదు. దీని కింద ఆ రోజుది ఉండాది గానీ, ఇది కాదు." ఇంటెన్స్ చూసింది. "ఇది పిల్లోడిది." స్పోర్ట్ చూసి తల అడ్డంగా ఊపింది. నల్లసీసా దగ్గర ముక్కు చిట్లించి, "ఇదేంది, బీడీ కాల్చినోడు మాదిరి," అంది. ఆ కాసింత సేపు నాగలింగం మొహం విప్పారింది. బేరం జరుగుతున్నప్పటి మొహం అది.

"అదే చెప్తా ఉండానమ్మా. ఇవి వేరే. సావుకు చల్లేది వేరే. ఆ ఒక్కటీ పారేస్తా, ఈ నాలుగూ ఉంచుకుంటా. ఓడికొలాం అనుకోకుండా..."

"సావు వాసనని నేను ఎప్పుడు చెప్పినా?" అంది కమలాంబ. "సావు ఇంట్లో సావు వాసన కాక ఏం వస్తాది. దానికేంది. మా అమ్మకు చల్లినారు, అత్తకు చల్లినారు. ఆ సీసా బీరువాలో ఇంకా ఉండాది, జొరం వస్తే నేనే వేసుకుంటా." ఆమె మళ్ళీ చింతపండు మీదికి వంగింది. వేళ్ళు ఆగిపోయి ఉన్నాయి. "పెండ్లయిన మొదటి రాత్రే ఆయన ముక్కుపొడి కంపుకు నేను వాంతి చేసుకున్నా. నీకు చెప్పేదానికి సిగ్గేముండాది, నా కొడుకంత వాడివి. అప్పట్నుంచి తిడతానే ఉండా. దిండుగలేబులు వేరే పెట్టినా. ఆ కంపు ఒకపక్క, కోరా గుడ్డ కంపు ఒకపక్క. తిట్టి తిట్టి దాంట్లోనే పడుకున్నా."

నాగలింగం సీసా మూత చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

"ఆ రోజు నోట్లో బియ్యం వేయమని నన్ను పిలిచినారు. వంగినా. అదే కడాపటి తడవ కదా, ఇంక దొరకదు కదా అని మొగం దాకా వంగినా." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "ఆ కంపు లేదు నాగలింగం. ఎవురో తెలియని మగోడు పడుకోనుండాడు. కమ్మగా ఉండాడు. పరాయి మగోడి మొగం మీదికి వంగినట్టు నాకు ఒళ్ళు జలదరించింది. బియ్యం కూడా సరిగ్గా వేయలేదు, పక్కన పడినాయి. అందరూ ఏడుపు ఆపుకోలేక అనుకున్నారు."

లోపల కుక్కర్ కూసింది.

"ఆయన చొక్కాలన్నీ ఆ పొద్దే ఉతికి పడేసినారు, మైల అని. దిండు కూడా తీసుకుపోయినారు. పొడి డబ్బా ఉండాది, మూత తీస్తే ఉత్త పొగాకు. అది ఆయన కాదు."

"అమ్మా," అన్నాడు నాగలింగం. సీసా మూత బిగించాడు.

"నువ్వు మంచి మనసుతోనే చేసినావు. ఆయన మీద నీకుండే గురి నాకు తెలియదా. ముఖేష్‌కు చెప్తాలే, కౌంటర్ ఉండనిమ్మని. నీ కడుపు కొట్టి నాకేం వస్తాది? కాఫీ తాగి పోండి ఇద్దరూ."

కాఫీ ఇచ్చింది. తాగాం. తిరిగి వచ్చేటప్పుడు నేను, "పనైంది కదా, ఇంకేం," అన్నాను. అంతకంటే తెలివైన మాట నాకు తట్టలేదు. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆ రోజు ఆ వీధిలో ఒక మనిషి పక్కన ఎట్లా నడవాలో నాకు తెలియలేదు.

కమలాంబ గారు మాట నిలబెట్టుకుంది. రెండు రోజులకు ముఖేష్ ఫోన్ చేసి, "అమ్మ చెప్పింది. ఉంచుకో నాగలింగం," అన్నాడు. కౌంటర్ నిలిచింది. ఫోను కవర్లు మెట్ల కిందికి పోయాయి.

అదే వారం, వాన పడి జనం లేని ఒక పగటిపూట, నాగలింగం నా బల్ల మీద మోచేతులు ఆనించి అన్నాడు: "నిన్న అన్నం తినేటప్పుడు వల్లెమ్మను అడిగినా అన్నా." వల్లెమ్మ అతని భార్య. "నా వాసన ఏందో నీకు తెలుసునా అని."

"ఏమంది?"

"నవ్వింది. నీకేం వాసన ఉండాది, దినమూ ఒక్కో మగోడి మాదిరి వస్తావు, అనింది. ఒక పొద్దు నిమ్మకాయ, ఒక పొద్దు పుదీనా. మా అక్కచెల్లెండ్లు నన్ను చూసి కుళ్ళుకుంటారు, అనింది. నేను మళ్ళీ అడిగినా. వెటకారం కాదు వల్లీ, నిజంగా చెప్పు. సెంటు తీసేస్తే నా వాసన ఏంది? ఆమె ముద్ద కలపడం ఆపి ఆలోచించింది. బో సేపు ఆలోచించింది అన్నా. తెలియదు, అనింది."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. అతను వినిపించుకోలేదు.

"కమలాంబమ్మకు పోయిందని ఏడ్చేదానికి ఒకటి ఉండాది. రేపు నేను పోతే వల్లెమ్మ దేన్ని వెతుక్కుంటాది?"

అప్పుడే ఒక కుర్రాడు మెట్లెక్కి వచ్చాడు, వీపున ల్యాప్‌టాప్ సంచీ, హైదరాబాదు మాట. పెద్దాయన ఎవరో, ఆయన చావేమిటో తెలియనివాడు. నాగలింగం కోరుకున్న కొత్త ఖాతాదారు అట్లాంటివాడే. "అంకుల్, కర్వేలిలో ఏది బెస్ట్? ఒరిజినల్‌కీ ఇంటెన్స్‌కీ తేడా ఏంటి?" అని అడిగాడు.

నాగలింగం రెండు కాగితాల మీద చల్లాడు. అందించాడు. కుర్రాడు ఎదురుచూశాడు. నేనూ పుస్తకం మూసి ఎదురుచూశాను, బ్యాంకు ఉద్యోగస్తుడి కోసం, కల్యాణ మండపం కోసం.

"తేడా పైపైనే నాయనా. గంటలో పోతాది," అన్నాడు నాగలింగం.

కుర్రాడు అయోమయంగా నవ్వి, ఫోను తీసి, ఏవో రివ్యూలు చూసుకుని, కొనకుండానే వెళ్ళిపోయాడు. నాగలింగం టెస్టర్ సీసాలు ఒక్కొక్కటే మూతలు పెట్టి, అట్టపెట్టెలో సర్ది, వెనక మెట్ల మీదుగా ముఖేష్ గదికి పోయాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ముఖేష్ వద్దన్నాడని, ఉండమని బతిమాలాడని కూడా తర్వాత విన్నాను. సరుకు వాపసు పోయింది.

నాగలింగం కింద కోరా గుడ్డల సెక్షన్‌కు పోయాడు, ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఉన్న చోటుకే, తక్కువ జీతానికి. కట్టలు దించడం, విప్పడం, మడతలు పెట్టడం. మోకాళ్ళకు గుడ్డ చుట్టుకుని పనిచేసేవాడు. వ్యాసర్పాడిలో అతన్ని ఇంకా సెంటాయన అనే పిలుస్తున్నారట, పిలిచినప్పుడల్లా అతను సరిదిద్దుతున్నాడట. ఇస్త్రీ చొక్కాలు మానేశాడు. సబ్బు కూడా వాసన లేనిది అడిగి కొంటున్నాడని పొన్నుతాయి చెప్పి నవ్వింది. "మనిషికి పిచ్చి పట్టింది సామీ," అంది. ఆమె నవ్వులో భయం ఉంది.

కార్తీక మాసం దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అన్నం వేళకు నేను కిందికి దిగాను. నాగలింగం కట్టల మధ్య చాప వేసుకుని టిఫిన్ డబ్బా విప్పుతున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. గంజి పొడి కనుబొమ్మల దాకా పట్టి ఉంది. నేను పక్కన కూర్చుని, ఉండబట్టలేక అడిగాను.

"వల్లెమ్మ ఏమంటోంది?"

అతను డబ్బా మూతలో నాకు కూడా కొంచెం అన్నం పెట్టాడు. "దినమూ అడగతానే ఉండా అన్నా. మెడ దగ్గరికి వచ్చి చూస్తాది పాపం, విసుక్కోకుండా." పచ్చడి నా వైపు జరిపాడు. "సెంటు ఇంకా పోలేదంట."